ఐస్ ఫ్యాక్టరీ మెట్ల మీద పచ్చ కన్ను

ముందుగా ఒక్క క్షణం కళ్ళు మూసుకుని మీ దేవుణ్ణి మీరు తలచుకోండి, నా దేవుణ్ణి నేను తలచుకుంటాను. ఎందుకంటే ఇది దెయ్యం కథ. వెనకున్నవాళ్ళు కాస్త ముందుకు జరగండి... పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టుకోండి. నవ్వొస్తే నవ్వండి. భయమేస్తే పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి. నాది మాత్రం పట్టుకోకండి, నాకూ భయమే.

ఊరి చివర మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ. దాని వెనక, ఒకప్పుడు ఐసు కోసం నీళ్ళు తోడిన పెద్ద మడుగు. ఫ్యాక్టరీ వెనక తలుపు దగ్గర్నుంచి మడుగులోకి పదకొండు రాతి మెట్లు. ఆ మెట్లకే చెడ్డపేరు.

మొదట చూసింది వాచ్‌మన్. తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే... టక్... టక్... టక్... ఎవరో కుంటుకుంటూ మెట్లు దిగుతున్న చప్పుడు. మనిషి జాడ లేదు. వాచ్‌మన్ టిఫిన్ డబ్బా కూడా తీసుకోకుండా ఉద్యోగం మానేశాడు.

తర్వాత పాలప్యాకెట్లు వేసేవాడు. సైకిలు ఆపి చూస్తే, నల్లటి నీళ్ళ మీద పచ్చటి కన్ను! ఒక్కటే కన్ను! మునిగింది... తేలింది... మళ్ళీ మునిగింది. ఆ రోజు సగం ఊరికి పాలు లేవు.

అన్నిటికన్నా ఘోరం పెయింటరు సంగతి. ఆ మెట్ల మీద కూర్చుని గాలం వేశాడట. వెనకాల చీకట్లోంచి ఎవరో – "ప్చ్" అన్నారట.

అంతే. ప్చ్.

గాలం, బుట్ట, చెప్పులు, మూడూ అక్కడే వదిలేసి పరుగు.

ఇక మన కథలో మనిషి దర్జీ. ఇదంతా నాకు చెప్పింది ఆయనే. చొక్కా కొలతలు తీసుకుంటూ, పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పెట్టుకుని, ఒక్క ముక్క మింగకుండా చెప్పాడు. మాటా మింగలేదు, సూదీ మింగలేదు. పైవాడు కొందరికి అలాంటి వరాలిస్తాడు.

ఆయనకొచ్చిన కష్టం చిన్నది కాదు. చేతులు వణకడం మొదలైంది. సూదిలో దారం ఎక్కించబోతే సూది తూర్పుకీ దారం పడమటికీ. డాక్టరు చూసి, "నరాల జబ్బేం కాదు, అలసట. పొద్దస్తమానం మిషను మీద వంగి కూర్చుంటే చేతులేం చేస్తాయి? రోజూ రెండు గంటలు ఆరుబయట నిమ్మళంగా కూర్చునే పని చూసుకో. నెల చూద్దాం. తగ్గకపోతే మిషను మరిచిపో," అన్నాడు.

మిషను మరిచిపోవడమా! దర్జీకి అంతకన్నా దెయ్యం ఇంకేముంది చెప్పండి?

"మా తమ్ముడి షాపుకి వెళ్ళండి. చేపలు పట్టడం నేర్చుకోండి. కూర్చోవడమే కదా పని," అంది భార్య.

ఆ తమ్ముడు, అంటే దర్జీ బావమరిది, గాలాల షాపు నడుపుతాడు. వాళ్ళ నాన్న పెట్టిన షాపు. తల్లి షాపు వెనక గదిలోనే ఉంటుంది, చేతికర్రతో నడుస్తుంది. ఈ బావమరిదికి ఒక జబ్బుంది. కొత్తగా మొదలెట్టేవాడు తప్పు సామాను అడిగాడో, అయిపోయాడే! "నీ మొదటి గాలానికి తిమింగలం పడుతుందా? పొట్టి కర్ర తీసుకో, సన్న దారం తీసుకో," అని గంటసేపు క్లాసు పీకి గానీ వదలడు.

దర్జీ లోపలికెళ్ళి ఒకసారి గోడంతా చూశాడు. షాపులో అన్నిటికన్నా పొడుగు కర్ర చూపించాడు. అన్నిటికన్నా లావు దారం. గాలమైతే కోటు తగిలించుకునే కొక్కెమంత.

"దారాల సంగతి నాకు చెప్పకు బావమరిదీ. ముప్పై ఏళ్ళుగా దారంతోనే బతుకుతున్నా. లావు దారం, గట్టి కుట్టు," అన్నాడు.

బావమరిది నోరు తెరిచాడు... మూశాడు. ఒక్క మాట వాదించకుండా అన్నీ కట్టి ఇచ్చాడు.

మీరు ఇది గుర్తు పెట్టుకోండి.

"పెద్ద గట్టు దగ్గర అందరూ నవ్వుతారు బావా," అన్నాడు నెమ్మదిగా. "ఎవరూ చూడని చోటు కావాలంటే ఐస్ ఫ్యాక్టరీ మెట్లే. నాలుగున్నరకల్లా వెళ్ళు, చేప ఆకలి మీదుంటుంది."

"దెయ్యం సంగతో?"

"దెయ్యానికి చేపలతో పని, నీతో కాదులే."

మర్నాడు నాలుగున్నర. చీకటి చిక్కగా ఉంది. దర్జీ టార్చి పళ్ళ మధ్య పట్టుకుని, పొడుగు కర్రని నిచ్చెన మోసినట్టు మోసుకుంటూ మెట్లు దిగుతున్నాడు. నాలుగో మెట్టు మీద కాలు జారింది. చెయ్యి గాల్లో దేవులాడింది... దొరికింది! ఇనప గొట్టం. మెట్ల పక్కన పైనుంచి కింద దాకా బిగించి ఉంది. ముట్టుకుంటే జిగట. రంగు వాసన.

పాడుబడ్డ చోట... కొత్త గొట్టం... ఇంకా ఆరని రంగు.

"దేవుడా," అన్నాడు టార్చి పళ్ళ మధ్యనే. టార్చి జారి మెట్ల మీద దొర్లుకుంటూ నీళ్ళలో పడింది. బుడుంగ్.

ఇప్పుడు వెలుతురు లేదు. వెనక్కి పోదామంటే మెట్లు కనబడవు. నెల రోజుల గడువు కళ్ళముందు కదిలింది. కూర్చున్నాడు. తడుముకుంటూ వానపామునొకదాన్ని ఆ కొక్కేనికి గుచ్చాడు, చొక్కాని తాటిచెట్టుకి తగిలించినట్టు. కర్ర ఊపి విసిరాడు.

ధబేల్!

గాలం పడ్డ చప్పుడుకి మడుగంతా ఉలిక్కిపడింది. తర్వాత నిశ్శబ్దం.

టక్...

ఎక్కడో పైన.

టక్... టక్...

దర్జీ మెడ తిప్పలేదు. తిప్పాలన్నా తిరగలేదు. ఎదురుగా నీళ్ళ మీద, ఇందాక లేని చోట, పచ్చటి కన్ను తెరుచుకుంది. అటూ ఇటూ ఊగుతూ ఆయన్నే చూస్తోంది.

వెనకనుంచి, చెవికి బారెడు దూరంలో –

"ప్చ్."

దర్జీకి తెలిసిన ప్రార్థనలన్నీ ఒక్కసారి నోటికొచ్చాయి. అన్నీ కలిసి రావడంతో ఒక్కటీ బయటికి రాలేదు.

"ఆ గాలం..." అంది గుసగుస, గాలి పీల్చినట్టు. "చేప నోరు ఎంతుంటుంది... ఆ గాలం ఎంతుంది..."

"త... తప్పయిపోయింది."

"దారం... మోకులా ఉంది... చేపకి కళ్ళుండవా..."

"ఉంటాయి తల్లీ."

"ఆ కర్ర పక్కన పెట్టు."

పెట్టాడు. నీళ్ళ మీది కన్ను మెట్ల వైపు ఈదుకుంటూ వచ్చి మాయమైంది. రాతి మీద ఏదో జరజరా జారుకుంటూ వచ్చి ఆయన తొడకి తగిలింది. పొట్టి కర్ర! సన్నటి దారం చుట్టిన చిన్న రీలు, నీళ్ళ మీద తేలడానికి పచ్చగా మెరిసే బెండు కట్టి ఉంది. దాని వెనకే చిన్న రేకు డబ్బా. మూత తీస్తే, ఆ పచ్చ వెలుగులో, వేలి గోరంత గాలాలు.

"కట్టు."

చెప్పడం తేలికే. భయంతో చేతులు, జబ్బుతో చేతులు, రెండు వణుకులూ కలిశాయి. దారం ఒకసారి తప్పింది... రెండోసారి తప్పింది. దర్జీకి ఏడుపొచ్చింది. దెయ్యానికి భయపడి కాదు. తన పనే తనకి చేతకావడం లేదని.

"తొందరేం లేదు," అంది గుసగుస, ఈసారి మెత్తగా. "ఊపిరి వదులు... నీళ్ళకేసి చూడు... ఊఁ, ఇప్పుడు కట్టు. ముడి బిగించే ముందు ఉమ్మితో తడుపు, లేకపోతే రాపిడికి తెగుతుంది."

ఉమ్మితో తడపడమా! సూదిలోకి దారం ఎక్కించే ముందు రోజుకి వందసార్లు చేసే పనే కదా! దారం పెదాల మధ్యకి వెళ్ళగానే వేళ్ళకి పాత సంగతులన్నీ గుర్తొచ్చాయి. మూడు చుట్లు, ఒక దూరుపు, తడి, బిగింపు. ముడి పడింది. గింజంత, ముచ్చటగా.

వానపాము ముక్క గుచ్చి విసిరాడు. టుప్. అంతే చప్పుడు. పచ్చ బెండు నిలబడింది, అచ్చం ఇందాకటి కన్నులా.

చీకట్లో దర్జీ, వెనకాల దెయ్యం, ఇద్దరూ ఒకే బెండు వైపు చూస్తూ కూర్చున్నారు. ఎంతసేపో తెలీదు. చిత్రమేమిటంటే, భయం ఎప్పుడు పోయిందో కూడా ఆయనకి తెలీలేదట.

బెండు ఊగింది.

"ఆగు..." అంది గుసగుస.

మళ్ళీ ఊగింది.

"ఆగు..."

బెండు మాయం! దారం జుయ్యిమంది. కర్ర విల్లులా వంగిపోయింది. అటు వైపు చేప కాదు, కోపమొచ్చిన దూడలా ఉంది. దర్జీ లేచి నిలబడి, పాదాలు తన్నిపెట్టి, లావు దారం లాగినట్టు బలమంతా పెట్టి లాగాడు. సన్న దారం కీచుమంది. తెగుతుంది... ఇదిగో తెగుతుంది –

వెనకనుంచి కేక!

"అయ్యయ్యో, లాగకండి అల్లుడుగారూ! వదలండి! దారం వదలండి!"

దర్జీ దారం వదిలాడు. చేప పరిగెత్తింది. అప్పుడు తిరిగి చూశాడు.

వెనక పై మెట్టు మీద, శాలువా కప్పుకుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని – అత్తగారు!

"అత్తయ్యా?!"

"నన్నెందుకు చూస్తారు, చేపని చూడండి! అలసిందిప్పుడు. చుట్టండి. నెమ్మదిగా, కుట్టు విప్పుతున్నట్టు... ఆఁ, ఆఁ, అలా!"

తూర్పు తెల్లబడేసరికి కిలోన్నర చేప మెట్టు మీద తోక కొడుతోంది. ఇద్దరూ రొప్పుతున్నారు. ఇద్దరూ నవ్వుతున్నారు.

"మీ మామగారున్నప్పుడు ఇద్దరం ఇక్కడే కూర్చునేవాళ్ళం," అంది ఆవిడ. "మూడేళ్ళ కిందట జారిపడి తుంటి విరిగిందా, మీ బావమరిది తన మీద ఒట్టు వేయించుకున్నాడు. నీళ్ళలో కాలు పెట్టనని వేశాను. గాలం పెట్టనని వెయ్యలేదు. వాడికి తెలిస్తే ఇదీ మాన్పిస్తాడు. చెప్పకండి నాయనా. ఇది లేకపోతే ఆ గదిలో నాకు పొద్దుపోదు."

"ఏం చెప్తాను అత్తయ్యా? నేను చూసింది దెయ్యాన్ని."

"ఏదీ, చేతులు చాపండి."

చాపాడు. అరచేతికి నీలం రంగు అంటుకుని ఉంది. ఆవిడ అరచేతికీ అంతే. "ఎవరో పుణ్యాత్ముడు గొట్టం బిగించాడు," అని కొంగుతో తుడుచుకుంది. అప్పుడు గమనించాడు దర్జీ. రంగు సంగతి సరే, చాపిన చేతులు కదలడం లేదు.

ఆ రోజుతో అంతా నయమైపోయిందని అబద్ధం చెప్పను, దేవుడు చూస్తుంటాడు. రోజూ వెళ్ళాడు. నెల తిరిగేసరికి కుట్టిన చొక్కా ఇదిగో, నా ఒంటిమీదే ఉంది. కాజాలు చూసుకోండి.

కథ అవలేదు, లేవకండి.

ఆ పొద్దున అత్తగారిని ముందు పంపించి, ఆవిడ గది చేరేదాకా ఆగి, దర్జీ చేప పట్టుకుని షాపుకి వెళ్ళాడు. బావమరిది కాటాలో వేసి చూశాడు.

"దేనికి పడింది బావా?"

"చిన్న గాలానికి."

"నేను చిన్నది అమ్మలేదే."

"దెయ్యం ఇచ్చింది."

బావమరిది నవ్వలేదు. వెనక గది తెర వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఆ దెయ్యం... మెట్లు దిగేటప్పుడు గొట్టం పట్టుకుంటోందా బావా?"

దర్జీ చూపు కిందికి దిగింది. కాటా పట్టుకున్న బావమరిది చేతివేళ్ళు. గోళ్ళ సందుల్లో నీలం రంగు.

"ఓరి నీ... నీకు తెలుసా!"

"మెల్లగా. మూడు నెలల్నుంచి తెలుసు. ఒట్టు వేయించుకున్నవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని 'వెళ్ళమ్మా' అంటాను? ఒక్కతే చీకట్లో వెళ్తుంటే నాకు నిద్ర లేదు. పక్కన మనవాళ్ళెవరైనా ఉంటే బాగుండుననుకున్నా. అంతలో నువ్వొచ్చావు."

"మరి ఆ కొక్కెం? ఆ మోకు? ఊళ్ళో అందరికీ పాఠాలు చెప్తావే, నాకెందుకు నోరు మూసుకుని అమ్మావు?"

"సరైన సామానిచ్చి పంపితే అమ్మ నోరు విప్పుతుందా? చూసీ చూడనట్టు పైనే దాక్కునేది. కొత్తవాడు తప్పు గాలం వేస్తుంటే చూస్తూ ఊరుకోవడం మా అమ్మ వల్ల కాదు బావా. చచ్చి దెయ్యమైనా కాదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

అప్పుడు... లోపల్నుంచి...

టక్.

టక్... టక్...

తెర దాకా వచ్చి ఆగింది. తెర కదల్లేదు. వెనకనుంచి గుసగుస –

"ప్చ్... ఆ గొట్టానికి ఆరే రంగు వెయ్యరా. చెయ్యంతా అంటుకుంటోంది."