చుక్క తగ్గిందా?

ఆ అమ్మాయి మనవాడితో అన్న మొట్టమొదటి మాట, "బయటికి నడవండి."

అందులో ఆమె తప్పేమీ లేదు. వానలో తడిసి ముద్దయిన మనిషొకడు తలుపైనా తట్టకుండా కంట్రోల్ రూములోకి దూసుకొచ్చి, టెలిస్కోపు నాక్కావాలి లేవండి అంటే ఎవరైనా అదే అంటారు. పైగా ఆ మనిషి బూట్ల నుంచి నీళ్ళు కారి ఆమె బ్యాగు కిందికి పోతున్నాయి.

"పేలిందండీ," అన్నాడు మనవాడు రొప్పుతూ.

"ఏం పేలింది? గ్యాస్ సిలిండరా?"

"గామా రే బర్స్ట్. ఇప్పుడే అలర్ట్ వచ్చింది."

ఆమె ముఖం పాలిపోయింది. రూలు ఆమెకీ తెలుసు.

ఎక్కడో లెక్కకందని దూరంలో ఒక పెద్ద నక్షత్రం చచ్చిపోతూ కొన్ని సెకన్లపాటు గామా కిరణాలు చిమ్ముతుంది. పైన తిరిగే ఉపగ్రహం దాన్ని పసిగట్టి, ఆకాశంలో ఫలానా చోట అని మనవాడి లాంటి వాళ్ళందరి ఫోన్లకీ కబురు పెడుతుంది. పేలుడు ఆరిపోయాక దాని వెనక కాస్త మామూలు వెలుగు మిగులుతుంది. ఆఫ్టర్‌గ్లో అంటారు దాన్ని. అది గంటగంటకీ తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి ఎంత తొందరగా టెలిస్కోపు అటు తిప్పితే అంత మంచిది. అందుకని ఆ సంస్థలో ఒక పద్ధతి పెట్టారు. అలర్ట్ వస్తే టెలిస్కోపు ఎవరి చేతిలో ఉన్నా సరే, డ్యూటీలో ఉన్న పేలుళ్ళ మనిషి అడగ్గానే నలభై నిమిషాలు ఇచ్చెయ్యాల్సిందే. అడగడమంటే బతిమాలడం కాదు, తెర మీద ఎర్ర బటన్ నొక్కడం.

ఆ టెలిస్కోపు ఉన్నది ఇక్కడ కాదు. సముద్రాల అవతల ఒక కొండ మీద ఉంది. ఇక్కడ పట్టపగలైతే అక్కడ రాత్రి. కిటికీ బయట కుండపోతగా వాన కురుస్తుంటే, తెర మీద మాత్రం నక్షత్రాలు శుభ్రంగా మెరుస్తూ ఉంటాయి. కొండ మీదుండే ఆపరేటర్ని వీళ్ళెవరూ చూసింది లేదు. స్పీకర్లోంచి వచ్చే గొంతుకి అందరూ అన్నయ్య అని పేరు పెట్టుకున్నారు.

ఆమె పని గ్రహణం. ఒక చిన్న నక్షత్రం పెద్దదాని వెనక దాక్కుని మళ్ళీ బయటికి వస్తుంది. సరిగ్గా ఎప్పుడు బయటికొస్తుందో ఆమెకి కావాలి. దాక్కోవడమూ బయటికి రావడమూ రెండూ ఆ కొండ మీద ఒకే రాత్రిలో పడేది ఏడాదికి ఒక్కసారి. ఆ ఒక్కసారి ఆ రోజే. ఇంకో పావుగంట ఆగమని ఆమె అడిగింది. పావుగంటలో నాది పోతుందండీ అన్నాడు మనవాడు. అని, నొక్కేశాడు.

నలభై నిమిషాలూ వెతికాడు. కనిపించిన చుక్కలన్నీ ఆకాశం పాత పటంలో ఉన్నవే, కొత్తది ఒక్కటీ లేదు. కొండను తవ్వాడు గానీ ఎలుక కూడా దొరకలేదు. టెలిస్కోపు తిరిగి ఆమె చేతికొచ్చేసరికి చిన్న నక్షత్రం ఎప్పుడో బయటికొచ్చేసి, ఏమీ ఎరగనట్టు వెలుగుతోంది.

"దొరికిందా?" అని అడిగింది.

"లేదండీ."

"సంతోషం," అని బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. మనవాడికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాటికల్లా అతని పేరు 'పేలుడు గారు' అయి కూర్చుంది. పెట్టింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. అతనూ ఊరుకోలేదు, ఆమెని గ్రహణం గారూ అనడం మొదలుపెట్టాడు. మనసులోనే లెండి. పైకి అనే ధైర్యం రావడానికి రెండు నెలలు పట్టింది.

ఆ ధైర్యం కూడా ఆమె చలవే. మరో అలర్ట్ వచ్చినప్పుడు ఆమె కుర్చీలోంచి లేచిందే గానీ గదిలోంచి కదల్లేదు. వెనక నిలబడి చూసింది. ఈసారి పాత పటంలో లేని కొత్త చుక్క ఒకటి కనిపించింది. మనవాడు ఎగిరి గంతేసి, ఆఫ్టర్‌గ్లో దొరికిందోచ్ అని ప్రపంచానికంతటికీ పంపే ప్రకటన టైపు చేయడం మొదలుపెట్టాడు. అది ఒకసారి వెళ్ళిందంటే వెనక్కి రాదు. తప్పైతే, తప్పైందని ఇంకో ప్రకటన పంపి అందరి ముందూ చెంపలేసుకోవాలి.

"ఆగండి పేలుడు గారూ. ఆ చుక్క నడుస్తోంది," అంది ఆమె.

రెండు ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి చూపించింది. నిజమే, వెంట్రుకవాసి జరిగింది. అదొక గ్రహశకలం. దారిన పోయే దానయ్యని పట్టుకుని మీ పేలుడంటారేమిటి అని ఆమె నవ్వింది. మనవాడి పరువు ఆ నవ్వుతోనే దక్కింది. మనసు పోయింది కూడా ఆ నవ్వుతోనే, కానీ ఆ సంగతి అతనికి కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఆ రోజు క్యాంటీన్లో టీ తాగుతూ అతను తన పరీక్ష వివరించాడు. చుక్క కదిలితే గ్రహశకలం. కదలకుండా అలాగే ఉంటే మామూలు నక్షత్రం. కదలకుండా ఉండి, గంటగంటకీ తగ్గిపోతే అప్పుడే ఆఫ్టర్‌గ్లో. తగ్గిందని చూసేదాకా ఎవరూ నమ్మరు.

"భలే మనుషులు. వెలుగు తగ్గితే పండగ చేసుకునేది మీరొక్కరే," అంది ఆమె.

అప్పటినుంచి ఏ చుక్క కనిపించినా ముందు ఆమెకి చూపించడం అలవాటైంది. చుక్క కనిపించకపోయినా ఏదో ఒక వంక పెట్టుకుని వెళ్ళడం ఇంకా బాగా అలవాటైంది.

ఇంట్లో పరిస్థితి వేరు. భోజనాల దగ్గర ఫోను మోగగానే కొడుకు చెయ్యి కడిగీ కడక్కుండా, గొడుగు కూడా మర్చిపోయి పరిగెత్తడం వాళ్ళమ్మ నాలుగేళ్ళుగా చూస్తోంది. ఆవిడ ఎప్పుడో ఒక నిర్ణయానికి వచ్చేసింది. పిలవగానే పరిగెత్తించే ఆ పిల్ల ఎవర్రా అని అడిగింది. నక్షత్రం పేలిందమ్మా, దాని చుక్క తగ్గిందో లేదో చూడాలి అంటే, "నా చెవిలో పువ్వులు పెట్టకు" అంది.

ఏడాది తిరిగి మళ్ళీ గ్రహణం దగ్గరపడింది. ఈసారి సంగతి తాడో పేడో. ఆమె స్కాలర్‌షిప్ ఆ నెలతో ఆఖరు. ఈ గ్రహణం కూడా తప్పితే థీసిస్ మానుకోమని ఆమె గైడు నిర్మొహమాటంగా చెప్పేశాడు. మనవాడు ఆ రోజు డ్యూటీ మార్చుకోవాలని చూశాడు. పేలుళ్ళ డ్యూటీ చేసే రెండో అతని భార్య ఆస్పత్రిలో ఉంది, ఇవాళో రేపో కాన్పు. దాంతో డ్యూటీ తిరిగి తిరిగి మనవాడి నెత్తికే చుట్టుకుంది.

ముందురోజు మెట్ల మీద ఆమె నవ్వుతూనే అడిగింది, రేపు మీ ఫోను ఇంట్లో మర్చిపోయి రాకూడదా అని. పెదాలు నవ్వుతున్నాయి గానీ కళ్ళలో మాత్రం భయం ఉంది. రేపు ఒక్కరోజు ఆకాశంలో ఎవరూ చావకూడదని మొక్కుకుంటానని చెప్పి వెళ్ళాడు. ఇంటికెళ్ళి నిజంగానే మొక్కుకున్నాడు.

మొక్కులు అంత దూరం వెళ్ళవేమో.

చిన్న నక్షత్రం అనుకున్నట్టే పెద్దదాని వెనకకి వెళ్ళింది. ఆమె ఊపిరి పీల్చుకుని నీళ్ళ సీసా మూత తీసింది. అప్పుడే తన గదిలో మనవాడి ఫోను మోగింది. మామూలు పేలుడు కాదు, ఆ ఏడాదిలోకెల్లా పెద్దది. అతను కంట్రోల్ రూము గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. ఆమె తల తిప్పి అతని ముఖం చూసింది, చేతిలో ఫోను చూసింది.

"నొక్కండి," అంది.

"నొక్కను."

"రూలు కదా."

"అడిగితే ఇవ్వాలని రూలు. నేను అడగట్లేదు."

"రేపు మీ గైడు నిలదీస్తే ఏం చెప్తారు?"

"ఫోన్లో ఛార్జింగ్ లేదని చెప్తాను."

"అబద్ధం ఆడటం కూడా రాదు మీకు," అంది.

పోయినేడాది ఒక్క నిమిషం కోసం కొట్టుకున్నవాళ్ళు, ఈసారి నువ్వు తీసుకోమంటే నువ్వు తీసుకోమని వాదులాడుకుంటున్నారు. స్పీకర్లోంచి అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. మీ మర్యాదలు తేలితే టెలిస్కోపు ఎటు తిప్పాలో చెప్పండి, ఇక్కడ చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి అన్నాడు.

ఆమె తెర వైపు చూసింది. నక్షత్రం దాక్కుని ఉన్నంతసేపూ వెలుగు మారదు. ఆ మధ్య కాలంలో టెలిస్కోపు పక్కకి వెళ్ళినా నష్టం లేదు, తిరిగి వేళకి వస్తే. కానీ ఆ వేళ ఎప్పుడో ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలియాల్సింది పోయినేడాదే, అది ఎలా పోయిందో మనకి తెలుసు.

"నా లెక్క ప్రకారం ఇంకా గంట ఉంది. అరగంట తీసుకోండి," అంది.

"లెక్క తప్పితే?"

"తప్పితే ఇద్దరం కలిసి ఏడుద్దాం. తిప్పండి అన్నయ్యా."

టెలిస్కోపు పేలుడు వైపు తిరిగింది. మొదటి ఫోటో వచ్చింది. మధ్యలో, పాత పటంలో లేని చోట, చుక్క. రెండో ఫోటోలోనూ అక్కడే ఉంది, కదల్లేదు. మూడోది తీస్తుండగా అతని గైడు నుంచి మెసేజ్ వచ్చింది. నలభై నిమిషాలూ వాడు, చస్తే వదలొద్దు అని. ఇంకో పది నిమిషాలు ఉంటే చుక్క తగ్గడం మొదలైందో లేదో కొంతైనా తెలిసేది. నాలుగేళ్ళలో ఇలాంటి చుక్క అతనికి ఒక్కటీ దొరకలేదు.

అతను ఫోను బోర్లించాడు.

"నాకు చాలు. వెనక్కి తిప్పెయ్యండి అన్నయ్యా."

"ఇంకా పది నిమిషాలున్నాయి కదా," అంది ఆమె ఆశ్చర్యంగా.

"ఉంటే ఉన్నాయి."

టెలిస్కోపు మెల్లగా తిరిగింది. ఆమె నక్షత్రం తెర మధ్యకి వచ్చి కుదురుకుంది. ఒక ఫోటో, రెండు ఫోటోలు, తెర పక్కన దాని వెలుగు ఎంతో చూపించే గీత అడ్డంగానే ఉంది. మూడో దానికి గీత పైకి లేవడం మొదలైంది. ఆమె లెక్క తప్పింది. నక్షత్రం అనుకున్న దానికంటే ఎంతో ముందే బయటికొచ్చేస్తోంది. ఆ పది నిమిషాలు అతను వాడుకుని ఉంటే ఈ ఏడాదీ పోయేదే.

ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. మనవాడు మాత్రం కుర్చీలో కూలబడి, గుండెల మీద నుంచి కొండ దించినట్టు హమ్మయ్య అన్నాడు.

తర్వాత కంగారు పడటం అతని వంతు. నక్షత్రం పూర్తిగా బయటికి వచ్చేదాకా టెలిస్కోపు ఆమెదే. అంతసేపూ అతను కాలు కాలిన పిల్లిలా గదిలో తిరిగాడు. కూర్చోండి, నాకు కళ్ళు తిరుగుతున్నాయి అని ఆమె రెండుసార్లు కసిరింది. కొండ మీద తెల్లవారడానికి ఇంకాస్త మిగిలుండగా తన పని ముగించి, మిగిలింది మీదే అంది.

ఒక్క ఫోటోకి టైముంది. అది వచ్చాక ఇద్దరూ ఒకే తెర మీదకి వంగారు. పాతది, కొత్తది. పాతది, కొత్తది.

"చుక్క తగ్గిందా?" అని స్పీకర్లోంచి అన్నయ్య అడిగాడు.

"తగ్గింది," అంది ఆమె. "సగానికి సగం తగ్గిపోయింది అన్నయ్యా."

మనవాడు ఇంకా రెండు ఫోటోలూ మార్చి మార్చి చూసుకుంటూనే ఉన్నాడు. ప్రకటన ఆమే టైపు చేసింది. ఆఖర్న అతను తన పేరు పక్కన ఆమె పేరు చేర్చాడు. ఆమె వద్దనబోయి ఊరుకుంది. కాసేపటికి గైడు నుంచి ఒకే ఒక్క మాట వచ్చింది, శభాష్ అని.

బయట వాన ఇంకా పడుతూనే ఉంది. ఆమె దగ్గర గొడుగుంది. మనవాడి దగ్గర ఎప్పట్లాగే లేదు. మెట్ల దగ్గర ఆమె గొడుగు విప్పుతుంటే అతను ఆగాడు.

"ఇంకో చుక్క సంగతి మీకు చెప్పాలి. చాలా నెలల నుంచి చూస్తున్నాను. పరీక్ష కాకుండా ప్రకటించకూడదని ఆగాను."

"ఏమైంది పరీక్ష?"

"కదల్లేదు. తగ్గనూ లేదు."

ఆమె చేతిలో గొడుగు సగం విప్పి ఉండిపోయింది.

"ఒకసారి ప్రకటిస్తే వెనక్కి తీసుకోవడానికి ఉండదు, తెలుసుగా?"

"తెలుసు."

"అయితే రా," అంది, గొడుగు అతని మీదకి జరిపి. "తడుస్తున్నావు."

'మీరు' అనే పిలుపు ఎక్కడ పోయిందో ఇద్దరూ పట్టించుకోలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఆమె వాళ్ళింటికి భోజనానికి వచ్చింది. ఆంటీ అంటూ పద్ధతిగా కూర్చుని, వడ్డించిందంతా వద్దనకుండా తింటోంది. వాళ్ళమ్మ ఆమెని ఆపాదమస్తకం చూస్తూ, ఇన్నాళ్ళూ వీణ్ణి పరుగులు పెట్టించింది నువ్వేనా అని అడగాలా వద్దా అని తెగ ఆలోచిస్తోంది. అంతలో ఫోను మోగింది.

మనవాడు కదల్లేదు. ఈ ఒక్క రోజుకి పోనిద్దామని తల వంచుకుని తినసాగాడు. ముందు లేచింది ఆమె.

"ఇంకా కూర్చున్నావేం? పేలింది," అంది. చెయ్యి కడుక్కుని గుమ్మం దాకా పరిగెత్తి, ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. "ఏమీ అనుకోకండి అత్తయ్యా, మళ్ళీ వచ్చి తింటాం."

ఆ మాట ఆమె చూసుకోకుండా అనేసింది. విన్నావిడ మాత్రం బాగానే విన్నది. గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడి, మెల్లగా నవ్వింది. అయితే ఇన్నాళ్ళూ నిజంగా నక్షత్రాలే పేలాయన్నమాట. నాలుగేళ్ళ అనుమానం ఆ పూటతో తీరిపోయింది.

"గొడుగు," అని వాళ్ళ వెనక కేకేసింది. "ఇద్దరూ ఒక్క గొడుగులో సరిపోతారులే గానీ, చుక్క తగ్గిందో లేదో నాకు ఫోన్ చెయ్యండి."

తర్వాత రెండు కంచాల మీదా మూతలు పెట్టి, కొడుకు కుర్చీని ఆ అమ్మాయి కుర్చీ పక్కకి జరిపింది.