కిటికీ పక్క తువ్వాల

పొద్దూకినంక ఆ బస్సు దిక్కు ఎవ్వరూ పోయెటోళ్లు కాదు.

తొర్రూరు దాటినంక, రోడ్డు పక్కన, గాలి తీసిన టైర్ల మీద కుంగి నిలబడ్డ వరంగల్ బస్సు అది. సకల జనుల సమ్మె మొదలైన నాడు ఎక్కడ ఆపిండ్రో అక్కడ్నే ఉన్నది. అందుల ఒక కిటికీ పక్క సీటు మీద ఎర్రంచు తువ్వాల ఉన్నదంట. ఎవరో ముసలాయన కిటికీల నుంచి తువ్వాల ఏసి సీటు ఆపుకున్నడు… తలుపు కాడికి తిరిగొచ్చేలోపల్నే పానం ఇడిసిండు. అప్పటిసంది రాత్రయితే వచ్చి కూసుంటడు. దగ్గుతడు. తువ్వాల ముడితే మాత్రం… ఊకోడు.

అట్లని అందరు చెప్పుకున్నరు. చూసినోళ్లు మాత్రం ఒక్కరు లేరు.

ఈ ముచ్చట మహబూబాబాద్‌ల ఫోటో స్టూడియో నడిపే కైసర్ చెవుల పడ్డది. పెండ్లి ఫోటోలు కైసర్‌కు కడుపు కోసం. మనసంతా వేరే దాని మీద. బస్టాండుల గొలుసుతోని కట్టేసిన నీళ్ల గ్లాసు, దవాఖాన బెంచికి జనం కూసోని కూసోని పడ్డ నునుపు— ఎవ్వరూ చూడనివి ఫోటోలు తీసి, పెద్ద పెద్ద ప్రింట్లు ఏసేటోడు.

"మనుషులు దొర్కలేదా నీకు? గ్లాసు నవ్వుతదా, బెంచి నవ్వుతదా?" అనేది భార్య నజియా.

హైదరాబాదుల ప్రదర్శన పెట్టేటాయన ఆ ప్రింట్లు చూసి, "మంచిగున్నయి. గని మనిషి జాడ తెలిసేది ఇంకొక్కటి కావాలె. సమ్మె అయిపోంగనే పంపు, అప్పుడు చెప్త," అన్నడు. ఈ ప్రదర్శన గూడ కుదరకపోతే కెమెరా సందుగల పెట్టి, జనగామల బామ్మర్ది టైర్ల దుకాణంల కూసుంటనని నజియాకు మాటిచ్చిండు కైసర్.

మనిషి లేని బస్సుల మనిషి ఆపుకున్న సీటు! ఇంతకంటె ఏం గావాలె?

పొద్దుండంగనే బండి మీద బయలెల్లిండు. గని నడిరోడ్డు మీద సమ్మె చేసెటోళ్ల వంటావార్పు నడుస్తున్నది. "తినకుండ ఎట్ల పోతవన్నా?" అని దోస్తులు కూసోబెట్టిండ్రు. బస్సు కాడికి చేరేసరికి చీకటి. భూపాలపల్లి బాయిలల్ల బొగ్గు బందైంది, ఊర్లల్ల కరెంటు బందైంది. ఎటు చూసినా ఒక్క దీపం లేదు.

ఎక్కిండు. కింద రేకు కిర్రుమన్నది.

టార్చి ఏసిండు— ఉన్నది. తువ్వాల నిజంగనే ఉన్నది! సీట్లన్నిటి మీద దుమ్ము… తువ్వాల మీద మాత్రం దుమ్ము లేదు.

కైసర్ ఒక అడుగు ఎనకకు ఏసిండు. అయినా కెమెరా తీసిండు. తువ్వాల కొస ముడుచుకొని ఉంటే, జర సాపు చేద్దామని… వేలు పెట్టిండు.

వెనక ఎవరో దగ్గిండ్రు.

"గది… నాది."

కైసర్ గిర్రున ఎనకకు తిరిగిండు. వేలు దానంతటదే కెమెరా నొక్కింది. ఫ్లాషు మెరిసింది. ఆఖరి సీట్ల, గొంగడి లోపట, ఒక ముసలి మొఖం…

"ఓర్ని, నా కండ్లు పోయినయి గదరా!" అన్నది ఆ మొఖం.

దెయ్యం కాదు. పక్క తండా రాంజీ. మోకాళ్లు అరిగినయి, వరంగల్ దవాఖానకు పోవాలె.

"ఎప్పుడు పోదామన్నా పోరగాళ్లు నాకంటె ముందుగాల తువ్వాలలు ఏస్తరు బిడ్డా. నిలబడి నిలబడి, సగం దూరంల దిగి ఎనకకొస్త. ఈసారి ముందే ఆపుకున్న."

"బస్సే నడుస్తలేదు గద తాతా!"

"నడిచిననాడు సీటు కావద్దా?"

"మరి దెయ్యం…?"

రాంజీ లోలోపల నవ్విండు. "నాకు గూడ నిద్ర రావద్దా? కావలికి దాన్ని పెట్టిన."

ఇంటికొచ్చి చూసుకుంటె ఫోటోల తెల్లటి వెలుగు తప్ప ఏమీ లేదు.

సమ్మె ఆగింది. టైర్లకు గాలిగొట్టి బస్సు తీసే నాడు, పగటి వెలుతురుల మల్ల తీద్దామని ఉరికిండు కైసర్. జనం కిటికీలల్లకెల్లి తువ్వాలలు ఏస్తున్నరు, సంచులు ఏస్తున్నరు, ఒకామె చంటిపిల్లను గూడ అందిచ్చింది. బస్సు కిక్కిరిసింది. మెట్ల మీద వేలాడుతున్నరు. ఆ ఒక్క సీటు మాత్రం ఖాళీ.

అప్పుడు వచ్చిండు రాంజీ. గొంగడి కప్పుకొని, మెల్లగ, దగ్గుకుంట. జనం తెల్వకుండనే దారిచ్చిండ్రు. తువ్వాల తీసి భుజాన ఏసుకొని… కూసున్నడు.

మెట్ల మీద వేలాడేటోడు ఒకడు కేకేసిండు.

"ఓరి నాయినో… వచ్చిండో!"

తలుపులకెల్లి, కిటికీలకెల్లి, ఒకరి మీద ఒకరు… బస్సు ఖాళీ. డ్రైవర్ గూడ దుంకిండు.

కైసర్ లోపటికి ఎక్కిండు. బస్సు నిండ చెప్పులు! తెగినయి, బోర్లపడ్డయి, జోడు తప్పినయి. ఉరికినోళ్ల కాళ్లు ఇంక అందుల్నే ఉరుకుతున్నట్టున్నయి. మోకాళ్ల మీద వంగి తీసిండు. ఆ ఫోటోనే హైదరాబాదుల గోడకెక్కింది. జనగామ టైర్లు తప్పినయి.

తీసుడు అయినంక, కెమెరా రాంజీ దిక్కు తిప్పిండు. "నీది గూడ ఒక్కటి తాతా…"

రాంజీ తువ్వాలతోని మొఖం కప్పుకున్నడు.

"వద్దు బిడ్డా," అన్నడు గుసగుసగ. "దెయ్యం ఫోటోల పడదంటరు. నేను పడ్డనని తెలిస్తె… తిరిగొచ్చేటప్పుడు నాకు సీటెవడిస్తడు?"