ఎర్రినాయుడి అతుకు

ఆసుపత్రి ల్యాబ్‌లో మౌక్తిక గాలి కుళాయి కట్టేసింది. గాజు పళ్లెంలో అరచేయంత గుండె ముక్క రెండుసార్లు తడబడి, నెమ్మదించింది. ఊపిరందని కణాలు పక్క కణాలకి కబుర్లు పంపడం మొదలుపెట్టాయి, కంటికి ఆనని కొవ్వు సంచుల్లో: గండం వస్తోంది, సర్దుకోండి అని. ల్యాబ్‌లో వాటిని పొట్లాలంటారు. పుస్తకాల్లో ఉన్న పేరు ఇంకా పొడుగు, ఎవరూ వాడరు.

గాలి మళ్లీ వదిలింది. ముక్క తేరుకుంది. పొట్లాలు జల్లెడ కిందికి దిగాయి.

అద్దం అవతల ఎర్రినాయుడు నిలబడి చూస్తున్నాడు. హార్బర్‌లో బోటు డ్రైవరు. ఆ ముక్క అతని కణాలతో పెంచిందే. ఎల్లుండి అతని గుండెకి అతికిస్తారు. రోజూ పైవార్డు నుంచి వచ్చి చూసిపోతాడు.

"ఏటమ్మా, నా అతుకు ఎలగుంది?"

"మీకన్నా చెప్పినమాట వింటోంది బాబాయ్. మెట్లెక్కొద్దన్నానా?"

"దిగేనంతే. ఎక్కనేదు."

అతికించేదాకా ప్రతి అతుకూ వేరే రోగుల కోసం ఇలా పొట్లాలివ్వాలి. గాలి ఆపి పొట్లాలు తీసే ఒక్కో విడతా ఒక కోత. మూడు కోతలు, ఆపైన విశ్రాంతి. ఆసుపత్రిని నడిపే యంత్రం పెట్టిన పద్ధతి అది. దాని పేరు తూకం. ఏ ప్రాణానికి ఏది దక్కాలో అదే తేలుస్తుంది.

తెర వెలిగింది. కనకమాలక్ష్మి అనే ఆవిడకి గుండెపోటు. మూసుకుపోయిన రక్తనాళాన్ని కాసేపట్లో తెరుస్తారు. రక్తం ఒక్కసారిగా వెనక్కి వచ్చినప్పుడు, అప్పటిదాకా బతికున్న కండ కూడా చచ్చిపోవచ్చు. పొట్లాలు ముందే అందితే తట్టుకుంటుంది. నిల్వ లేదు, ఇప్పుడు తీసినవి కూడా ఇంకొకరికి రాసేసి ఉన్నాయి. తూకం ఆజ్ఞ ఒక్క వరసే: అతుకు పన్నెండు, మరో మూడు కోతలు.

పన్నెండు అంటే ఎర్రినాయుడిది. దానికి మూడు కోతలూ అప్పటికే అయిపోయాయి. ఆరు కోతలకి ఏ అతుకూ బతకదు. కొత్తది పెంచాలంటే నెలలు. అన్ని నెలలు ఈయనకి లేవని తూకానికీ తెలుసు. తెలిసే అడిగింది.

ఇలాంటివి రోగికి చెప్పకూడదన్నది నియమం. మౌక్తిక తలుపు తీసి చెప్పేసింది.

ఎర్రినాయుడు పళ్లెం వైపు చూశాడు. "ఆవిడికి పిల్లలున్నారేటి?"

"తెలీదు."

"ఉంటే ఏటి, నేకపోతే ఏటిలే. ఇంకో దారి నేదా?"

ఉంది. అతుకులు పెంచడం రాకముందటి పాత దారి. చేతికి పట్టీ బిగించి, కాసేపు రక్తం ఆపి వదిలితే, ఆ చెయ్యి కూడా గుండెని కాచే పొట్లాలు రక్తంలోకి వదులుతుంది. ఆ రక్తం సూదితో తీసి వడకట్టాలి. మౌక్తిక బీపీ పట్టీ తీసి తన చేతికే చుట్టుకుంది.

"ఒక్క చెయ్యి చాలదు బాబాయ్. కనీసం పదిమంది కావాలి."

ఎర్రినాయుడు వరండాలోకి వెళ్లి, పక్క బోటుకి వినపడాలన్నట్టు కేకేశాడు. "ఓ ప్రాణం ఒడ్డెక్కాల! సెయ్యి కట్టించుకునేవోలు రండి. నొప్పెడతాది, ముందే సెప్తన్నాను!"

వరండాలో రోగుల కోసం కూర్చున్నవాళ్లు తలలు తిప్పారు. తర్వాత పఫ్ తింటున్న ఒకమ్మాయి చెయ్యి తుడుచుకుంటూ లేచింది. ఆమె వెనకే క్యాంటీన్ వంటాయన: "సూది చూస్తే కళ్లు తిరుగుతాయి నాకు. పడితే పట్టుకోండి." ఆయన పడ్డాడు కూడా. పట్టుకున్నారు. వరస పెరిగింది. వేళ్లు నల్లబడ్డాయి, పళ్లు బిగుసుకున్నాయి, పట్టీలు వదిలాక రక్తం జల్లెడలోకి దిగింది.

'మూలం అతుకు కాదు' అని తూకం, పొట్లాలని థియేటర్‌కి పంపే గొట్టాన్ని ఆపేసింది. మౌక్తిక సీసా పట్టుకుని పైకి పరిగెత్తింది.

ఆమె ల్యాబ్‌కి తిరిగొచ్చిన చాలాసేపటికి థియేటర్ నుంచి స్పీకర్‌లో డాక్టరమ్మ గొంతు వినిపించింది. "కండ నిలబడింది. ఇది ఎన్నో నంబరు అతుకు?"

"అతుకు కాదు మేడమ్. వరండా."

తెర మీద పన్నెండుకి ఎదురుగా 'విశ్రాంతి' అని పడింది. మౌక్తిక ఊపిరి పీల్చుకునేలోపే, దాని కింద ఇదివరకెప్పుడూ లేని వరస ఒకటి వచ్చింది: వరండా, పదకొండు చేతులు, రెండో కోతకి సిద్ధం.

ఎర్రినాయుడు కళ్లు చికిలించి చదివాడు. "మనల్ని లెక్కేసీసిందేటి?"

"వేసేసింది."

"మనం అడిగి కట్టేం. అది అడుగుతాదా?"

బయట పఫ్ అమ్మాయి చొక్కా చెయ్యి దించుకుని బస్సుకి వెళ్లిపోతోంది. తూకం తెర మీద ఆమెనే చూపిస్తూ ఆజ్ఞ ఇచ్చింది: ఎడమ చెయ్యి, వెంటనే. కింద రెండు మీటలే ఉన్నాయి, అమలు, ఆలస్యం. మౌక్తిక రెండూ నొక్కలేదు. ఆ అమ్మాయిని వెళ్లనిచ్చింది. ఖాళీ గడిలో తనే టైప్ చేసింది: 'అడిగి చెప్తాను.'

తూకం ఆగిపోయింది. అడగడానికి ఎంతసేపు పడుతుందో దాని దగ్గర లెక్క లేదు.