చెమ్మ పట్టని ఐస్‌బాక్సు

"పదిన్నరకు ఆ బాక్టీరియా చస్తుంది. ఈలోపే ఒక ముక్క ఫ్యాక్టరీ దాటుతుంది. రెండూ ఆపాలి."

చీఫ్ బార్లో ఫోన్ పెట్టేశాడు. ఏజెంట్ హెనెసీ గడియారం చూసుకున్నాడు. పదీ ఐదు. మీటర్లు చూసేవాడి యూనిఫాంలో ఆస్ట్రేలియాలో లోగన్ నది ఒడ్డునున్న బీరు ఫ్యాక్టరీలోకి నడిచాడు.

ఫ్యాక్టరీ మురుగులో, ఎలక్ట్రోడ్ల మీద ఆరేళ్లుగా పొరలా పెరిగిన బాక్టీరియా అది. మురుగును తిని కరెంటు ఇస్తుంది. ఆ కరెంటుతో కాస్టిక్ సోడా తయారవుతుంది. దానితోనే బీరు ట్యాంకులు కడుగుతారు; అదే సోడా మురుగులోకి వదిలితే బాక్టీరియా చస్తుంది. ఈ రకం లోకంలో మరెక్కడా లేదు. విదేశీ ముఠా ఒక ముక్క ఎత్తుకుపోయి మిగతాది చంపేస్తే, ఇక అది వాళ్ల సొత్తే.

టీ విరామం. షెడ్డులో బల్ల మీద పనివాళ్లు అన్నం తెచ్చుకునే పన్నెండు నీలం ఐస్‌బాక్సులు. చీఫ్‌కు అందిన కబురు ప్రకారం వాటిలో ఒకదాంట్లో ఉంది ఆ ముక్క. కరెంటును పసిగట్టే పెన్నును హెనెసీ జేబులోంచి కొంచెం బయటికి తీసి నొక్కాడు. ఫ్యాను, ఫ్రిజ్, కెటిల్... ఎటు తిప్పినా ఎర్రగానే వెలిగింది.

"ఏంటన్నా, మీటరు మా అన్నం డబ్బాల్లో ఉందా?" అన్నాడు ఫిట్టర్ బ్లూయీ. అందరూ నవ్వారు. "దాహమైతే అడుగు, బీరిస్తా. ఒకడి బాక్సు మూత ఇంకొకడు తీస్తే మాత్రం ఇక్కడ చెయ్యి విరుగుద్ది."

పదీ ఇరవై నాలుగు. ఉక్కపోతకు బాక్సులన్నీ చెమటలు కక్కుతున్నాయి. చివరిది మాత్రం పొడిగా ఉంది. అందులో ఐసు లేదన్నమాట. ఆ బాక్టీరియాకు కావలసింది వెచ్చదనం!

హెనెసీ మూత తీశాడు. బ్లూయీ లేచాడు. లోపల గోరువెచ్చని సీసా, అందులో కార్బన్ కడ్డీ, దానికో చిన్న బ్యాటరీ.

"అది నాది," అంది తలుపు దగ్గర నిలబడ్డ, బీరు నాణ్యత చూసే తెల్లకోటు ఇన్‌స్పెక్టర్.

రెనాటా! తోటి ఏజెంటుగా ఉంటూనే రెండు దేశాలకూ పనిచేస్తోందని తెలిసిన రోజున, ఎనిమిదేళ్ల కిందట, అతనే ఆమెను కెయిర్న్స్‌లో విమానం ఎక్కించి దేశం దాటించాడు.

ఆమెను బయటికి లాక్కెళ్లాడు. "కాస్టిక్ ఏ వాల్వు నుంచి వదులుతున్నారు?"

"సీసా ఇవ్వు, చెబుతా."

"సీసా ఇవ్వను. చెబితే పది నిమిషాలిస్తా. వెళ్లిపో."

"మళ్లీ పంపించేస్తున్నావు." ఆమె నవ్వబోయింది, కుదరలేదు. "ఆరోజు ఒక్కసారైనా వెనక్కి చూడలేదు నువ్వు."

"రెనాటా, టైము!"

"మూడో ట్యాంకు వెనక, కింది వాల్వు. కుడికి తిప్పితే మూసుకుంటుంది."

అతను పరుగెత్తాడు. పదీ ఇరవై తొమ్మిది. పంపు గుర్రుమంది. వాల్వు బిగుసుకుపోయింది. రెండు చేతులా వేలాడాడు. కదిలింది! గోడ మీది కరెంటు మీటరు ముల్లు ఒక్కసారి వణికి, తన చోటికొచ్చి నిలబడింది.

గేటు వైపు తిరిగి చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

ఫోన్ మోగింది. "బాక్టీరియా?"

"బతికింది సర్."

"దొంగ?"

"ఆమె కూడా సర్."