మిద్దె మీద బ్లూబెర్రీ మొలకలు

"అత్తా! ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టిన నీలం డబ్బా యాడ?"

ఉషశ్రీ కంగారుగా అరిచింది. పొద్దున్నే పెరుగు తీయబోయి చూస్తే డబ్బా లేదు! పాల ప్యాకెట్ల వెనక, కూరగాయల అడుగున... ఎక్కడా లేదు!

పూజగదిలోంచి కన్యకమ్మ తల తిప్పకుండానే జవాబిచ్చింది. "మూత తీసి చూస్తే అంతా తడి కొబ్బరిపొట్టు. పెరుగు పెట్టే చోట ఆ చెత్తేందే? పెరట్లో పారేస్తిని."

"పారేస్తివా! అయ్యో... అది చెత్త కాదత్తా! శ్రుతి విత్తనాలు! ఎనభై ఒక్క దినం చలిలో దాచుకున్నాది బిడ్డ!" అంటూనే ఉషశ్రీ పెరట్లోకి పరుగెత్తింది.

శ్రుతి ఆమెకు ఒక్కతే కూతురు. పంతొమ్మిదేళ్లు. రెండేళ్ల కిందట ఆ పిల్లకు రెండు కిడ్నీలూ చెడిపోతే, "నాది తీసి పెట్టండి" అని ఉషశ్రీ డాక్టర్ల ముందు చేతులు జోడించింది. భర్త అజిత్ భయపడ్డాడు. "ఇద్దరూ మంచమెక్కితే ఇంటిగతేమి?" అని కన్యకమ్మ వారం రోజులు కోడలితో మాట్లాడనే లేదు. అయినా ఉషశ్రీ వినలేదు! బెంగళూరులో ఆపరేషన్ జరిగింది. పదకొండు నెలలు... పదకొండే నెలలు... పిల్ల హిందూపురం కాలేజీకి నడిచి వెళ్లింది, స్నేహితురాళ్లతో లేపాక్షి తిరిగొచ్చింది, ఇల్లంతా నవ్వింది. పన్నెండో నెలలో ఆ ఒళ్లు తల్లి ఇచ్చినదాన్ని ఒప్పుకోలేదు! మళ్లీ వారానికి మూడుసార్లు డయాలసిస్. అరటిపండు వద్దు, బత్తాయి వద్దు, మామిడి వద్దు. దాహమైనా నీళ్లు కొలిచి తాగాల్సిందే.

"బ్లూబెర్రీలు కొన్ని తినొచ్చు" అంది డాక్టరమ్మ. ధర్మవరంలో పట్టుచీరల కొట్లో పనిచేసే అజిత్, బెంగళూరు వెళ్లినప్పుడు ఆ నీలం పండ్ల చిన్న పెట్టె కొనుక్కొచ్చాడు. శ్రుతి సగం తిని, మిగతావి గిన్నెలో నలిపి నీళ్లు పోసింది. గుజ్జు పైకి తేలి, గసగసాలంత గింజలు అడుగున నిలిచాయి. వాటిని తడి కొబ్బరిపొట్టులో కలిపి డబ్బాలో పెట్టింది. "మూడు నెలలు చలిలో పెడితే బాగా మొలుస్తాయంటమ్మా!" అంటున్నప్పుడు ఆ కళ్లలో కనిపించిన ఆరాటాన్ని చూసి ఉషశ్రీ చాటుకు వెళ్లి ఏడ్చింది... సంతోషంతో!

ఇప్పుడా గింజలు పెరటి మట్టిలో కలిసిపోయి ఉన్నాయి. ఆమె నేలమీద కూలబడి చెంచాతో కొబ్బరిపొట్టు ఏరసాగింది. వెనకే వచ్చిన కన్యకమ్మ విసుక్కుంది. "గింజల కోసరం ఇంత ఏడుపా?"

"అవి చూసుకునేటప్పుడే బిడ్డ గోడపక్కకు తిరిగి పండుకోకుండా ఉండేదత్తా!"

కన్యకమ్మ లోపలికి వెళ్లి కళ్లద్దాలు పెట్టుకొచ్చి కోడలి పక్కన చతికిలబడింది. ఇద్దరూ ఎండ ముదిరేదాకా ఏరారు.

ఆ రోజే ఏరిన పొట్టును మిద్దె మీద రెండు ట్రేలలో పరిచారు. నెల తిరక్కముందే తొమ్మిది మొలకలు! ముందు చూసింది కన్యకమ్మే. "శ్రుతీ! పుట్టినాయే తల్లీ!" అని మెట్ల మీంచే కేక పెట్టింది! మర్నాడు ఒంటరిగా బస్సెక్కి పెనుకొండ నర్సరీకి వెళ్లింది. నర్సరీ మారెప్ప అంతా విని తల అడ్డంగా ఊపాడు. "ఈ చెట్టుకు పులుపు మన్ను, చల్లని గాలి కావల్లమ్మా. మన బోరునీళ్లకు ఆకు పసుపైతాది. బతికినా కాయడానికి మూడేండ్లు పడతాది."

మూడేండ్లు! ఆ మాట ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఫిల్టర్ నీళ్లలో నిమ్మరసం చుక్కలు పిండి పోసింది. తన పాత చీర తడిపి నీడ కట్టింది.

ఏప్రిల్ ఎండ వచ్చింది. ఒక్కో మొలకా పసుపై, వాడి, ఒరిగిపోయింది. అప్పటికి శ్రుతి మెట్లెక్కలేకపోతోంది. డయాలసిస్ సూది గుచ్చే చేతి నరం మూసుకుపోయింది. "ఇంకెక్కువ దారులు లేవు" అంది డాక్టరమ్మ అజిత్‌తో. "మొలకలెట్లుండాయమ్మా?" అని కూతురు అడిగినప్పుడల్లా ఉషశ్రీ "ఏపుగా ఉండాయి" అనేది. చివరిది ఎండిపోయిన రోజు కూడా అదే మాట అంది!

ఒక ఆదివారం పొద్దున శ్రుతి, "నాయనా, నన్ను మిద్దె మీదికి ఎత్తుకుపో" అంది. అజిత్ భార్య ముఖంలోకి చూశాడు. ఆమె కాదనలేకపోయింది. కూతురిని ఎత్తుకోగానే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి... ఎంత తేలికైపోయింది!

అత్తాకోడళ్లు వెనకే ఎక్కారు; అతను బిడ్డను ట్రేల పక్కన కూర్చోబెట్టాడు. ట్రేలలో ఎండిన పొట్టు తప్ప ఏమీ లేదు.

"అబద్ధం చెప్పినా తల్లీ..." ఉషశ్రీ భోరుమంది.

"తెలుసమ్మా. నీ మొగం చూస్తే తెలీదా?" శ్రుతి మెల్లగా అంది. "నువ్విచ్చింది నేను చంపేసినా కదా. దాని బదులు ప్రాణమున్నది ఒక్కటన్నా పెంచి నీ చేతికిద్దామనుకుంటి. అదీ కాకపాయె."

"నేను పారేయకుండా ఉంటే..." కన్యకమ్మ నోట కొంగు కుక్కుకుంది.

"నీవల్ల కాదులే అవ్వా. మన ఎండకు అది బతకదు, అంతే."

కన్యకమ్మ కోడలి రెండు చేతులూ పట్టుకుంది. "ఆపొద్దు నిన్ను వద్దంటి. తప్పు చేసినానే ఉషా! ఆ పదకొండు నెలలు ఈ బిడ్డను మాకిచ్చింది నువ్వే..."

ఉషశ్రీ కూతురి పాదాల దగ్గర కూర్చుంది. "చంపినానని ఇంకెప్పుడూ అనొద్దు తల్లీ. నేను నిన్ను తొమ్మిది నెలలు మోస్తి. నువ్వు నన్ను పదకొండు నెలలు మోస్తివి. ఏ తల్లికి దొరుకుతాదే అంత?"

శ్రుతి ముందుకు వంగి తల్లి భుజం మీద తల వాల్చింది.

మర్నాడు ఆస్పత్రిలో నర్సు సూది ఎక్కడ గుచ్చాలో తెలియక నాలుగు చోట్ల వెదికి, చివరికి ఒకచోట గుచ్చింది. 'బాగైపోతావులే' అనే మాట ఉషశ్రీ నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆ తర్వాత ఇంట్లో మరెవరూ ఆ మాట అనలేదు. బిడ్డ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, డయాలసిస్ ముగిసి మిషన్ ఆగేదాకా అట్లాగే కూర్చుండిపోయింది.