పాలిపోయిన సూర్యుడు

టీవీలో వాతావరణ వార్తలు వస్తుండగా, కిటికీ దగ్గర కూర్చున్న ఆ శాస్త్రవేత్తను కాల్చేశారు. ఒకే గుండు. చనిపోయినాయన 'కుంచె' అనే మారుపేరున్న ఏజెంట్‌కి స్వయానా బావ.

అంత్యక్రియలైన మర్నాడే చీఫ్ కుంచెని పిలిపించాడు.

"ఇవాళ సాయంత్రం రెండో హత్య. టార్గెట్ మీ అక్క. ఫోన్లు మనం వింటున్నామని ఆ విదేశీ ముఠాకి తెలుసు. అందుకే షూటర్‌కి సిగ్నల్ టీవీలోనే ఇస్తారు. వాడెక్కడ నక్కాడో తెలీదు. అక్కని కదిలిస్తే జారుకుంటాడు. సిగ్నల్ ఆపగలవా?"

"ఆపుతాను సార్."

"బాధగా ఉందా?"

కుంచె లోపల వెతుక్కున్నాడు. పన్ను పీకేముందు ఇంజెక్షన్ ఇచ్చిన దవడలా అంతా మొద్దుబారి ఉంది. "లేదు సార్," అన్నాడు.

కొన్ని నెలలుగా అతను టీవీ స్టేషన్‌లో గ్రాఫిక్స్ ఆపరేటర్ వేషంలో ఉన్నాడు. కంప్యూటర్ మీద ముద్దొచ్చే రంగులన్నీ టీవీ ప్రసారానికి పడవు. మరీ చిక్కనివి పక్కకి కారతాయి. వాటిని కొలిచి హద్దులోకి దించడమే ఉద్యోగం. హద్దు దాటినదాన్ని కత్తిరించే లిమిటర్ ఆ రోజే రిపేరుకని మాయమైంది.

ముఠాలో చేరిన మన మనిషి పేరు మెరుపు. ఇదే స్టేషన్‌లో వాతావరణం చదువుతుంది. ఆమె నవ్వితే కెమెరామన్ ఫోకస్ మర్చిపోతాడు. కుంచె చెవి దగ్గరికి వంగి గుసగుసలాడింది.

"సిగ్నల్ ఎరుపు. తుఫాను గుర్తు రంగు కారితే కాలుస్తాడు. అది తగ్గించు చాలు. మిగతావి ముట్టుకోకు, వాళ్ళకి అనుమానం వస్తుంది."

ఎరుపు తగ్గించాడు. ఇళ్ళలో బొమ్మ ఎలా వస్తుందో చూసుకునే టెస్ట్ టీవీలో మ్యాపు పెట్టాడు. తుఫాను కారలేదు. కానీ స్పీకర్ గుయ్‌మంది.

సూర్యుడి బొమ్మ తీసేశాడు. మోత ఆగింది. మళ్ళీ పెట్టాడు. గుయ్. రంగుల బలాన్ని గీతగా చూపే వేవ్‌ఫామ్ మానిటర్‌లో పసుపు హద్దు గీత దాటి ఎక్కడికో ఎగిసింది. పసుపు మరీ ఎక్కువైతే శబ్దంలోకి చొరబడుతుంది.

తుపాకీకి కన్ను ఆనించినవాడు టీవీ చూడలేడు. వినగలడు. సిగ్నల్ ఎరుపు కాదు, ఆ మోత. మెరుపు ఎవరి మనిషో కుంచెకి అర్థమైంది.

ఫోనందుకున్నాడు. "సార్, మెరుపు వాళ్ళ మనిషి. షూటర్ చెవి మీద ఆధారపడ్డాడు. అక్క ఇంటి ఎదురు మేడల్లో టీవీ గట్టిగా మోగుతున్న గది చూడండి."

"మ్యాప్ రెడీయా?" ఫ్లోర్ మేనేజర్ అరిచాడు. అప్పటికే మెరుపు చదవడం మొదలెట్టింది. "రేపు ఎండ..."

కుంచె పసుపుని కిందికి లాగాడు. గీత కిందికి రావడం, మ్యాపు ప్రసారంలోకి వెళ్ళడం ఒకేసారి జరిగాయి. స్పీకర్ కిక్కురుమనలేదు. మెరుపు మానిటర్ వైపు చూసింది. నవ్వు ఆరిపోయింది. మేకప్ రూమ్‌లో ఆమె కోసం ఇద్దరు కొత్త హెయిర్ డ్రెస్సర్లు కాచుకుని ఉన్నారు.

చీఫ్ ఫోన్ చేశాడు. "దొరికాడు. ఖాళీ ఇంట్లో టీవీ హోరెత్తుతోంది. మనవాళ్ళు వెనక నిలబడ్డా తిరిగి చూడలేదు, ఇంకా వింటూనే ఉన్నాడు."

"సరే సార్." సంతోషం కూడా తగల్లేదు.

వెంటనే అక్క ఫోన్. ఆమెకివేవీ తెలియవు, తమ్ముడు టీవీలో బొమ్మలకి రంగులు చూస్తాడనే అనుకుంటుంది.

"ఏరా, ఇవాళ సూర్యుడేంటి, జ్వరమొచ్చినవాడిలా ఉన్నాడు? మీ బావ ఉంటే నిన్ను ఎంత ఏడిపించేవారో."

దుఃఖం ఇప్పుడొచ్చింది, అడక్కుండా.

"కొంచెం హద్దు దాటాడక్కా," అన్నాడు. "దించాను."