కోడలు వార్చిన నీళ్లు

పొద్దున ఏడున్నరకు, లాల్‌దర్వాజా బస్తీలోని ఒక ఇరుకు వంటింట్లో సుజన ఉడికిన పాలకూరను జల్లెడలోకి వంచింది. పచ్చటి నీళ్లు కింద గిన్నెలోకి దిగాయి. గుమ్మంలో నిలబడి చూస్తున్న అత్త సత్తెమ్మకు ఒళ్లు మండిపోయింది.

"సారమంతా మోరీ కాల్వల పోస్తవ్. మీ మామకు పిప్పి పెడ్తవ్. గడ్డి తిన్నట్టు తింటున్నడు మనిషి."

"కిడ్నీలు పాడైనోళ్లకు పొటాషియం పడదని డాక్టరమ్మ చెప్పింది గదా అత్తమ్మా. ఉడకబెట్టి నీళ్లు పారబోయాలె. ఎన్నిసార్లు చెప్పాలె?"

"మీ బాపుకయితే గిట్లనే పెడ్దువా?"

సుజన గరిటెను గట్టు మీద ఠపీమని పెట్టి, తడిబట్టల బకెట్టు అందుకుని మిద్దెక్కింది. ఆమె అటు వెళ్లగానే సత్తెమ్మ ఆ నీళ్లను చెంబులోకి ఒంపుకుని, పారబోసినట్టు గిన్నె కడిగి బోర్లించింది. ఇంత చింతపండు, రెండు ఎండుమిరపకాయలు వేసి, తాలింపు పెట్టి, భర్త కొండల్‌కు చారు కాచి ఇచ్చింది. పన్నెండు రోజులుగా గుట్టుగా ఇదే పని.

పోయిన నెల డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. కిడ్నీలు పనిచేయకపోతే ఒంట్లో మలినాలు పేరుకొని కణాలను దెబ్బతీస్తాయట. దాన్ని ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారట, లోపల తుప్పు పట్టడం లాంటిదట. సత్తెమ్మ మనసులో ఆ తుప్పు ఒక్కటే పాతుకుపోయింది. ఆకుకూర రసం తుప్పును కడిగేస్తుందని పక్కింటి సక్కుబాయి ఫోన్‌లో వీడియో చూపించింది. ఇంకేముంది, మొగుణ్ణి బతికించే మందును కోడలు రోజూ మోరీ పాలు చేస్తోందని ఆమెకు రూఢి అయిపోయింది.

ఆ రోజు డయాలసిస్. ఆటో ఎక్కబోతూ కొండల్ కాళ్లు తేలిపోయి కూలబడ్డాడు. ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేస్తే, ఐదు దాటకూడని పొటాషియం ఏడు దాటింది. గుండె ఏ క్షణమైనా ఆగొచ్చంటూ ఆయన్ను లోపలికి తోసుకుపోయారు.

కొడుకు గోవర్ధన్ వరండాలోనే పెళ్లాం మీద పడ్డాడు. "ఏం వండినవే మా బాపుకు?"

"రోజూ వండేదే."

"చేతగాకుంటే చెప్పాలె. మనిషిని సంపుతవా?"

వచ్చేపోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. సుజన మొహం పాలిపోయింది. "ఏడాది సంది తూచి తూచి పెడ్తున్న. నమ్మకం లేకుంటే ఇంక ఆ పొయ్యి ముట్ట. మా అమ్మింటికి పోత."

సత్తెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుంది. నిజం చెబితే కొడుకు మొహం ఎలా చూడాలి? మాట పడేది కోడలే కదా, పడనీ అని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

తలుపు తెరుచుకుని డాక్టరమ్మ బయటికొచ్చింది. "ప్రస్తుతానికి గండం తప్పింది. ఇంట్లో ఆయన తిండి ఎవరు చూస్తారు?"

గోవర్ధన్ వేలు భార్య వైపు లేచింది.

"నా కోడలు చూస్తది," అంటూ సత్తెమ్మ ముందుకొచ్చింది. "ఆమె మంచిగనే చూసింది. చెడగొట్టింది నేను. ఆమె వార్చిన నీళ్లతోని చారు కాసి పోసిన. తుప్పు పోతదనుకున్న."

"ఆ నీళ్లతో తుప్పు పోదమ్మా. మేం వద్దన్న పొటాషియమంతా అందులోనే ఉంటుంది."

గోవర్ధన్ చెయ్యి దించేశాడు. సుజన అత్త వైపు తిరిగింది. ఆ కళ్లలో జాలి లేదు.

"నన్నొక్కసారి అడగకపోతివి. మామ పోయుంటే, నా చేతులతోనే సంపిన అనుకుంట బతికేదాన్ని గదా అత్తమ్మా."

సత్తెమ్మకు అప్పటిదాకా ఆ సంగతే తట్టలేదు. కోడలి ముందు నేల మీద చతికిలబడింది. "తిట్టు బిడ్డా, ఎంతనన్న తిట్టు. పోతనని మాత్రం అనకు."

సుజన అత్త రెక్క పట్టి లేపి బెంచీ మీద కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చుంది.

"ఆ చారు మామ మంచిగ తాగిండా?" అని అడిగింది.

"గ్లాసు అడుగుదాకా తాగిండు."

"నా కూర ఒక్కనాడు గట్ల తినలే," అంటూ సుజన అత్త భుజం మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది.